ఐసు పెట్టెలో ఆడబిడ్డ

మా ఇంట్లో మనిషిని, మా ఇంట్లోనే, ప్రభుత్వం వారి పూర్తి అనుమతితో, పాము కరుస్తుందని నా భయం. ఇంతకు మించిన భయం నాకు లేదు. తుఫాను వస్తే షెల్టర్లోకి పోతాం. జ్వరం వస్తే ఆసుపత్రికి పోతాం. పాము మాత్రం మా వంటగది గోడ పక్కన, మేం చేపలకు వాడుకునే ఐసు పెట్టెలో, అధికారికంగా ఉంది. దాన్నుంచి ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు.

నా పేరు పోలేశ్వరి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించారు. కాబట్టి ఈ సంగతిలో ఎక్కడైనా అర్థం లేనట్టు కనిపిస్తే అది నా చదువు తక్కువ వల్లనే అనుకోండి. అధికారులంతా డిగ్రీలు చదివినవాళ్ళు.

మాది మొగపేట. ఏరు సముద్రంలో కలిసే చోట, ఒడ్డున నిలబడి రెండు వైపులా తాళ్ళు పట్టి పెద్దవల లాగే ఊరు. ఆ వలలో చేపలతో పాటు ఒకప్పుడు పట్టీల పాము వచ్చేది. ఒంటి పొడుగునా పసుపూ నలుపూ పట్టీలు, తెడ్డులా చదునైన తోక. విషం చాలా ఎక్కువ, కాని తనంతట తాను మనిషి జోలికి రాదు. మా పేటలో దాన్ని ఆడబిడ్డ అంటాం. వలలో పడితే పెద్ద ఆడమనిషి ఎవరో ఒకరు వచ్చి పసుపు నీళ్ళు చిలకరించి, "ఎల్లిరా అమ్మా, మళ్ళీ కనపడు" అంటుంది. మగవాళ్ళు తెడ్డుతో ఎత్తి నీళ్ళలో వదిలేస్తారు. ఇదంతా బీడీ వెలిగించుకున్నంత సేపట్లో అయిపోయేది.

తర్వాత పెద్ద మరబోట్లు ఒడ్డు దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. అవి రాకూడదని రూలు ఉంది. రూలు ఒడ్డున బోర్డు మీద ఉంది, బోట్లు నీళ్ళలో ఉన్నాయి, రెండూ ఎప్పుడూ కలుసుకోలేదు. అవి అడుగంటా గీరుకుంటూ వలలు ఈడ్చుకుపోతాయి. ఆ వలల్లో చిక్కిన పాము పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆడబిడ్డ తరచూ కనిపించేది. మా లోహిత పుట్టేనాటికి పేటలో చిన్నపిల్లలకు పట్టీల పాము ఎలా ఉంటుందో ఇసుకలో గీసి చూపించాల్సి వచ్చింది.

పాములు దాదాపు అయిపోయాక సముద్ర సర్ప పరిరక్షణ విభాగం పుట్టింది. దానికి ప్రాంతీయాధికారి చక్రధరరావు గారు. జీపు దిగేటప్పుడు ఇసుక బూట్లలో పడకుండా కింద గోనెసంచి పరిపించుకుంటారు.

షెల్టర్లో సభ పెట్టారు. చక్రధరరావు గారు మైకు ముందు నిలబడి, "సదరు సరీసృపంతో స్థానిక సముదాయానికి గల అనుబంధ స్వరూపాన్ని సభాముఖంగా వెల్లడించవలసిందిగా కోరుతున్నాను" అన్నారు.

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా అత్త బండెమ్మ లేచింది.

"సుట్టరికమేటని అడుగుతున్నారు. అది మా యింటి ఆడబిడ్డ బావూ. అత్తోరిల్లు సముద్రం. పుట్టిల్లు మాది."

వెనక వరసలోంచి గురమ్మ లేచింది. "నీ యింటిదేటి బండెమ్మా? మాది కాదా? మా మావ సేత్తోటే నీళ్ళలోకి ఎన్నిసార్లు ఒగ్గినాడూ!"

"మీ మావకి సూపు ఆనితే గదా! తెగిన తాడనుకోని ఇసిరీసుంటాడు."

షెల్టర్ అంతా ఘొల్లుమంది. చుట్టరికం దగ్గర మా పేటలో ఎవరూ తగ్గరు. పెళ్ళిలో ఆకూవక్కా ముందు ఎవరికి ఇచ్చారనే దాని మీద ఇప్పటికీ మాటల్లేని ఇళ్ళున్నాయి. మాదంటే మాదని అన్ని ఇళ్ళవాళ్ళూ లేచారు. మా అత్త గొంతు పెద్దది, గెలిచింది. చక్రధరరావు గారు ముచ్చటపడి, ఈ జాతికి సంరక్షక కుటుంబం బండెమ్మ గారి కుటుంబమని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఒళ్ళో ఉన్న లోహిత చేతులు పట్టుకుని దానిచేత కూడా కొట్టించాను.

ఆ రోజే నిబంధనలు చదివారు. వలలో పాము పడితే తాకరాదు. కదిలించరాదు. పసుపు మొదలగు రసాయనాలు చల్లరాదు. విభాగానికి ఫోను చేసి, అధికారి వచ్చి జాతిని నిర్ధారించే వరకు యథాతథ స్థితి కాపాడాలి.

ఎండలు ముదిరాక ఒక ఆడబిడ్డ వలలో పడింది. ఎన్నాళ్ళకో వచ్చిందని పేటంతా పరిగెత్తాం. మా ఆయన ఎల్లాజీ ఫోను చేశాడు. "అక్కడే ఉండండి, దానిని అక్కడే ఉంచండి" అన్నారు. నేల మీద పాకలేని పాము కాలే ఇసుకలో మెలికలు తిరుగుతోంది. నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. కొర్లయ్య అనే కుర్రాడు ఆగలేక తెడ్డు పట్టుకుని ముందుకు వెళ్ళాడు. విభాగం వారు అప్పటికే పెట్టిన కాపలా మనిషి ఫొటో తీశాడు. కొర్లయ్య మీద కేసు పెట్టారు. తెడ్డును సాక్ష్యంగా పట్టుకుపోయారు.

మర్నాడు మధ్యాహ్నం చక్రధరరావు గారు వచ్చి, వంగి చూసి, "స్వల్పంగా నిర్జలీకరణ ఛాయలు కనిపిస్తున్నాయి" అన్నారు.

"ఛాయలేటి బావూ, వడియంలాగ ఎండిపోతే!" అంది మా అత్త.

ఆయన దాన్ని పట్టించుకోలేదు. మానవ జోక్యం ఏమాత్రం లేకుండా, ప్రశాంత వాతావరణంలో సహజ మరణం పొందిన మొట్టమొదటి సముద్ర సర్పంగా దానిని నమోదు చేశారు. మంచి నిబంధన వల్ల ఇంత మంచి ఫలితం వచ్చిందని అక్కడే ఉపన్యాసం ఇచ్చారు. ఎండ ఎక్కువగా ఉందని మధ్యలో ఆపి జీపులో కూర్చున్నారు.

కాని పైనుంచి ఎవరో పాము బతికుంటే ఇంకా బాగుండేదని రాశారట. దాంతో నిబంధన సవరించారు. ఇకమీద బతికున్న పాము దొరికితే తాత్కాలిక ఆశ్రయ కేంద్రానికి తరలించాలి. ఆశ్రయ కేంద్రం కట్టలేదు. కట్టే వరకు సంరక్షక కుటుంబం ఇల్లే ఆశ్రయ కేంద్రం.

వానలు పడ్డాక ఇంకో ఆడబిడ్డ వచ్చింది, నిండుగా, బరువుగా. చేతికి తొడుగులు, కాళ్ళకి తొడుగులు వేసుకున్న మనుషులు దాన్ని తెచ్చి మా ఐసు పెట్టెలో ఉప్పునీళ్ళు పోసి అందులో వదిలారు. గోడకు కెమెరా బిగించారు. మా అత్త తలుపులో నిలబడి చూస్తోంది.

"ఏమ్మా, మీ ఆడబిడ్డ పుట్టింటికి వచ్చింది. సంతోషమే కదా?" అన్నారు చక్రధరరావు గారు.

మా అత్త లోహితని ఎత్తుకుని అరుగు మీదికి పోయింది.

మాది ఒకే గది. వెనక వంటకి చిన్న చోటు, ముందు అరుగు. అప్పటికి లోహిత ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోంది. మంచం పట్టె, బిందె అంచు, మేక చెవి, అన్నీ దానికి ఒకటే. ఐసు పెట్టె అంచు సరిగ్గా దాని గుండెల ఎత్తుకు వస్తుంది. కదిలేది ఏది చూసినా చెయ్యి చాస్తుంది. చేతికి వచ్చింది నోట్లో పెట్టుకుంటుంది. నేను పాత చీర చెంగు దాని నడుముకు కట్టి రెండో కొస మంచం కోడుకు కట్టాను. అది ఏడుపు లంకించుకుంది. ఏడుపు ప్రకంపనల వల్ల సరీసృపం మానసిక ఒత్తిడికి గురవుతుందని, శిశువు ఏడుపు స్థాయి తగ్గించవలసిందని కాపలా మనిషి చెప్పిపోయాడు.

నేను చంకన పిల్లని వేసుకుని విభాగం ఆఫీసుకు వెళ్ళాను.

"అయ్యా, పెట్టెకి మూత పెట్టుకుంటానండి."

"మూత పెట్టిన యెడల సర్పానికి శ్వాస ఆడదు."

"మూత వద్దులెండి. పైన వలముక్క కట్టుకుంటాను. గాలి ఆడుతుంది, పిల్ల చెయ్యి దూరదు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు. "వలయా? ఈ జాతి క్షీణతకు ప్రథమ కారణం వల. ఆశ్రయ కేంద్రంలోకి వలను ఎట్లా అనుమతిస్తాం చెప్పమ్మా?"

"సముద్రంలో బోట్లని మాత్రం రానిస్తున్నారు కదండీ?"

"అది మత్స్య విభాగం. విభాగాల మధ్య పరస్పర గౌరవం ఉండాలి."

"అయితే దాన్ని తీసుకుపోయి సముద్రంలోనే వదిలేయండి. మీ చేత్తోనే వదలండి. మేం దగ్గరికి కూడా రాము."

దానికి ముందు సర్వే చేయాలన్నారు. చేశారు. ఎక్కడ పాములుంటాయో మా వాళ్ళని అడగలేదు. బోట్ల యజమానుల సంఘం వారు ఉచితంగా ఇచ్చిన బోటులో, ఆ బోటు ఎప్పుడూ వల ఈడ్చే దారిలో పోయి వచ్చారు. ఒక్క పట్టీల పామూ కనిపించలేదు. మర్నాడు పేపర్లో వచ్చింది: ఈ జాతి సముద్రంలో ఉన్నట్టు ఆధారాలు లేవు. ప్రస్తుతం దీని సహజ ఆవాసం మొగపేటలోని ఒక నివాస గృహం.

నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఎల్లాజీ కూడా వచ్చాడు.

"సర్వే పూర్తయినందున సందిగ్ధత తొలగిపోయింది" అన్నారు చక్రధరరావు గారు. "సహజ ఆవాసం కాని చోట వన్యప్రాణిని విడుదల చేయడం నేరం. సముద్రం ఈ పాముకు సహజ ఆవాసం కాదు."

"మరేటి సార్, మా వంటిల్లా?" అన్నాడు ఎల్లాజీ.

"శాస్త్రీయ ఆధారాలు అలాగే చెబుతున్నాయి. ప్రపంచంలో ఈ జాతి సాంద్రత అత్యధికంగా ఉన్న ప్రదేశం మీ ఇల్లే. గర్వపడాలి."

ఎల్లాజీ గర్వపడడానికి ప్రయత్నించినట్టున్నాడు. మొహం ఎర్రబడింది.

సముద్రంలో కాపాడవలసిన పాము లేదని తేలడంతో, బోట్లు ఒడ్డు దగ్గరికి రాకూడదన్న బోర్డు పీకేశారు. బోట్ల యజమానుల సంఘం అధ్యక్షుడు పరిరక్షణ స్ఫూర్తికి మెచ్చి చక్రధరరావు గారికి శాలువా కప్పాడు. ఆ తర్వాత పాముతో ఫొటో దిగడానికి మా ఇంటికి వచ్చి, "ఎంత ముద్దుగా ఉందో" అన్నాడు.

"దీని అక్కసెల్లెళ్ళంతా నీ బోటు కిందే ఉండీవారు నాయనా" అంది మా అత్త. "అడిగినామని సెప్పు, మిగిలుంటే."

ఇక మా పెద్దవల. ఆవాసం చుట్టూ రక్షణ వలయం గీస్తే ఒడ్డంతా అందులోకి వచ్చేసింది. అక్కడ వల లాగడం నిషేధం. మా వాళ్ళు తాళ్ళు చుట్టి అటక మీద పెట్టారు. పని కోసం ఎల్లాజీ ఆ అధ్యక్షుడి బోటులోనే చేరాడు. మొదటిసారి పోయి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

"ఏటైంది?" అన్నాను.

"వలలో ఆడబిడ్డలొచ్చినారే. మూడు. సచ్చిపోయున్నారు. నీళ్ళలోకి ఇసిరీమన్నాడు డ్రైవరు."

ఈ సంగతి చక్రధరరావు గారికి చెప్పాం. ఆయన ఓపికగా విన్నారు. "సముద్రంలో ఆ జాతి లేదు కనుక, అవి ఆ జాతి కాజాలవు" అన్నారు. ఒక చచ్చిన పామును తెచ్చి చూపిస్తామంటే, ఆ జాతి కళేబరాన్ని దగ్గర ఉంచుకోవడం శిక్షార్హమని గుర్తుచేశారు.

ఒక తెల్లవారి నేను పొయ్యి వెలిగిస్తుంటే మా అత్త ఐసు పెట్టె మీదికి వంగి, "ఓలమ్మో!" అంది. ముందు లోహిత వైపు చూశాను. మంచం కోడుకు కట్టే ఉంది, చెంగు కొస నములుతోంది.

"పురుడొచ్చీసినాదే! అందుకే అంత బరువుగున్నాది. పుట్టింటికి పురుడుకే వొచ్చినాది, మనకే తెలీలేదు."

నీళ్ళలో పుల్లల్లాంటి పిల్లపాములు కదులుతున్నాయి. పుట్టగానే ఈదుతున్నాయి, పుట్టగానే విషం ఉంటుందట. మా అత్త మొహంలో భయం, ముచ్చట రెండూ ఉన్నాయి. నాకు మాత్రం ఒక్కటే కనిపించింది: పెద్దపాము పెట్టె అంచు దాటలేదు. ఇవి ఏ సందులోనైనా దూరగలవు.

జీపులు వచ్చాయి. మిఠాయి పంచారు. జాతి కొన్ని రెట్లు పెరిగిందని, దీనితో అంతరించే ప్రమాదం నుంచి బయటపడిందని ప్రకటించారు. ఇంకో మూడు పెట్టెలు తెచ్చి మా గదిలో వరసగా పెట్టారు. మంచానికి చోటు చాలక దాన్ని అరుగు మీదికి గెంటారు. మంచంతో పాటు కోడు పోయింది, లోహితని కట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ వారంలోనే అది జరిగింది. నేను బియ్యం కడిగి ఆ నీళ్ళు కింద పోసి వెనక్కి తిరిగాను. లోహిత పెట్టె అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి అంచు మీద, రెండో చెయ్యి నీళ్ళలో. నన్ను చూసి నవ్వింది. నేను ఎలా ఎగిరి దాన్ని లాక్కున్నానో నాకు తెలియదు. అరుగు మీదికి తెచ్చి వెలుతురులో వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూశాను. తడిగా ఉన్నాయి. గోళ్ళ సందులు, అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి చూశాను. మళ్ళీ మొదటి వేలి నుంచి చూశాను. గాటు ఏమీ లేదు. అది నా మొహం మీద తడిచెయ్యి పెట్టి ఆడుకుంటోంది. మా అత్త వచ్చి నా చేతులు పట్టుకునే వరకు నేను దాని వేళ్ళు వదల్లేదు.

కెమెరా అంతా చూసింది. ఇన్నాళ్ళకైనా ఎవరో చూశారు, పాముల్ని పట్టుకుపోతారని ఆశపడ్డాను.

మర్నాడు చక్రధరరావు గారు స్వయంగా వచ్చారు. అరుగు మీద నిలబడి చదివారు: "లోహిత, తండ్రి ఎల్లాజీ అను వ్యక్తి, సహజ ఆవాసంలోకి అక్రమంగా చేయి ప్రవేశపెట్టి, రక్షిత జాతిని కలవరపరచినట్టు దృశ్య సాక్ష్యం ఉన్నందున, సంజాయిషీ ఇచ్చుకోవలసిందిగా..."

"ఆ వ్యక్తికి ఇంకా మాటలు రావండి" అన్నాను.

"సంజాయిషీ ఇవ్వకపోవడాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటాం."

తీసుకున్నారు. ఆవాసానికి స్థానిక మానవ సంచారం వల్ల ముప్పు ఉందని నిర్ణయించారు. మేం ఖాళీ చేయాలి. నీళ్ళు మార్చడానికి, చిన్నచేపలు వేయడానికి సంరక్షక కుటుంబం నుంచి ఒక్క మనిషి లోపలే ఉండాలి. బయటికి వచ్చి లోపలికి వెళ్తూ ఉంటే రోగాలు తెస్తారు కనుక ఆ మనిషి బయటికి రాకూడదు.

"నేనుంటాను సార్" అన్నాడు ఎల్లాజీ.

"నీ కూలి లేపోతే ఈ పసిగుంటకి పాలెవుడు పోస్తాడ్రా?" అంది మా అత్త. "ఆడబిడ్డని పిల్సినదాన్ని నేను. నేనుంటాను. కోడలా, నువ్వు గుంటని సంకనేసుకోని మీ యమ్మగారింటికి ఎల్లిపో. ఎనక్కి సూడకు, అది ఏడుస్తాది."

నేను వెనక్కి చూశాను. ఆమె గడప మీద నిలబడి లోహితకి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది, అది నవ్వాలని.

ఇప్పుడు మా ఇల్లు సందర్శన కేంద్రం. గుమ్మం పక్కన టికెట్లు అమ్ముతారు. దూరం ఊళ్ళవాళ్ళు వచ్చి పాముల్ని చూసి, ఫొటోలు తీసుకుని పోతారు. వారి వల్ల విజ్ఞానం పెరుగుతుందట. మా పేట వాళ్ళకి టికెట్ ఇవ్వరు. మేం ముప్పు. నేను టికెట్ అడిగితే ఊరి పేరు అడిగారు. చెప్పాను. పక్కకి తప్పుకోమన్నారు.

కిందటి వారం ఇంటి వెనక కిటికీ దగ్గరికి వెళ్ళాను. మా అత్తని పిలిస్తే వచ్చింది. బాగా తగ్గిపోయింది. చీర ఒంటి మీద వదులుగా వేలాడుతోంది.

"గుంట నడుస్తున్నాదా?"

"నడుస్తోంది. నువ్వు తింటున్నావా అత్తా?"

"నేను తింతన్నాను. అవే తినడం లేదు. పెద్దది మునిగి పైకి రాడానికి ఆయాసపడతన్నాది. దానికి లోతు కావాలే. ఇదేటి లోతు, నా మోకాలంత లేదు." గొంతు తగ్గించింది. "ఓలె, పిల్లల్లో ఒకటి కనపడ్డం లేదు. నిన్న పొద్దుట్నుంచి. గదంతా ఎతికినాను."

"ఆఫీసరుకి చెప్పావా?"

"సెప్పినాను. కోలుకున్న జాతి తగ్గడానికి ఈల్లేదంట. మళ్ళీ లెక్కపెట్టుకోమన్నాడు. లెక్కపెట్టినాను. మళ్ళీ తక్కువే వొచ్చినాది."

"అత్తా, మంచం అరుగు మీదే ఉంది కదా. లోపలికి ఇమ్మను."

"మంచం ఆవాసంలోకి రాకూడదంట. సాప మీదే తొంగుంతన్నాను, పెట్టెల మధ్య. అక్కడే సోటున్నాది."

కాపలా మనిషి ఈల వేశాడు. ఆమె నన్ను పొమ్మని చెయ్యి ఊపింది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. గట్టిగా పిలవబోతే, అరిస్తే పాములు బెదురుతాయని నన్ను రోడ్డు దాకా తోలుకొచ్చారు. చక్రధరరావు గారిని అడిగితే ఆవాసంలో అంతా సవ్యంగా ఉందన్నారు. వడియంలా ఎండిన పామును చూసి ఛాయలు అన్నది కూడా ఆయనే, అందుకే నమ్మలేకపోతున్నాను.

మీరు మొగపేట వాళ్ళు కారు. మీకు టికెట్ ఇస్తారు. ఆదివారం కాకుండా వెళ్తే జనం తక్కువ, లోపల ఎక్కువసేపు నిలబడనిస్తారు. పెట్టెల మధ్యకి వంగి చూడండి. చాప మీద ఒక పెద్దావిడ ఉంటుంది. బండెమ్మా అని పిలవండి. వెంటనే పలక్కపోతే చెవుడేమో అనుకోకండి, ఆమెకి చెవులు బాగా వినిపిస్తాయి. ఇంకోసారి పిలవండి. కాళ్ళు, చేతులు కదులుతున్నాయేమో చూడండి. చూసి బయటికి రండి. రోడ్డుకి అటువైపు చంకన పిల్లతో నేను నిలబడి ఉంటాను. ఏం చూశారో నాకు చెప్పండి.